మోడల్ బండ్ల అద్దాలకీ లైట్లకీ టింట్ వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం చుట్టుపక్కల స్కేల్ మోడళ్లు (నిజం బండ్లకి చిన్న నమూనాలు) కట్టేవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమే. అయినా వారానికి రెండుసార్లయినా ఎవరో ఒకరు ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతారు, నేను అవే సమాధానాలు చెప్తాను, మర్నాడు ఇంకొకరు. చెప్పీ చెప్పీ గొంతు పోయింది, అందుకే రాసి పెడుతున్నా. ప్రశ్నలు మీరు అడిగినట్టే ఉంచాను. మీకు ఏది కావాలో అది చదువుకోండి, వరసగా చదవాల్సిన పని లేదు.

## కొనే ముందు

టింట్ అంటే మామూలు పెయింట్‌లో థిన్నర్ ఎక్కువ పోసి వేయడమే కదా, దానికి వేరే డబ్బా కొనాలా?

కొనాలి. టింట్ అంటే వెనకున్నది కనబడేలా వేసే పారదర్శకపు రంగు. మామూలు ఎర్ర పెయింట్‌లో ఉండే పిగ్మెంట్ (రంగు పొడి) వెలుతురుని అడ్డుకుంటుంది, అందుకే దాని కింద ఏముందో కనబడదు. దాన్ని ఎంత పలచన చేసినా అద్దం మీద కుంకుమ నీళ్లు ఒలికి ఎండినట్టు మరకలుగా ఉంటుంది తప్ప రంగు అద్దంలా ఉండదు. టింట్‌కి వాడే క్లియర్ రంగుల్లో వెలుతురు లోపలికి దూరి, రంగు పట్టించుకుని బయటికి వస్తుంది. టమియా అనే జపాన్ మోడల్ కంపెనీ అక్రిలిక్‌లో ఇవి ఎక్స్-19 స్మోక్, ఎక్స్-23 క్లియర్ బ్లూ, ఎక్స్-24 క్లియర్ యెల్లో, ఎక్స్-25 క్లియర్ గ్రీన్, ఎక్స్-26 క్లియర్ ఆరెంజ్, ఎక్స్-27 క్లియర్ రెడ్. ఆరూ ఒకేసారి కొనకండి. కార్లూ లారీలూ కట్టేవాడికి స్మోక్, రెడ్, ఆరెంజ్ మూడుంటే ఏడాది గడుస్తుంది.

మా ఊళ్లో టమియా దొరకదు. స్టేషనరీ షాపులో గ్లాస్ కలర్స్ ఉన్నాయి, పనికొస్తాయా?

లైట్లకైతే పనికొస్తాయి, పెద్ద అద్దాలకి కష్టం. గాజు మీద బొమ్మలు వేసుకునే ఈ రంగులు చిక్కగా ఉంటాయి, చిన్న ఇండికేటర్ మీద ఒక చుక్క పెడితే గుండ్రంగా నిలబడి అచ్చం లెన్స్‌లా కనిపిస్తుంది. అదే విండ్‌షీల్డ్ మీద బ్రష్‌తో లాగితే చారలు పడతాయి. సీసా మీద నీటితో చేసిందో సాల్వెంట్‌తో చేసిందో రాసి ఉంటుంది, అది చదివి కొనండి. సాల్వెంట్ రకం కొన్ని ప్లాస్టిక్‌ల మీద తినేసినట్టు అచ్చులు వేస్తుంది, కాబట్టి ముందు పనికిరాని ముక్క మీద వేసి ఒక రాత్రి వదిలేయాలి.

అసలు పార్ట్ మీద వేసే ముందు దేని మీద టెస్ట్ చేయాలి? స్పేర్ పార్ట్స్ లేవు.

ఇంట్లో పాత సీడీ డబ్బాలుంటాయి కదా, అటక మీద చూడండి. ఆ గట్టి పారదర్శక డబ్బా పాలీస్టైరిన్, మీ కిట్‌లో (ముక్కలుగా వచ్చే మోడల్ పెట్టెలో) క్లియర్ పార్ట్స్ కూడా చాలావరకు అదే ప్లాస్టిక్. థిన్నర్ దాన్ని తినేస్తే కిట్ పార్ట్‌నీ తినేస్తుంది, దాని మీద బాగా కూర్చుంటే పార్ట్ మీదా కూర్చుంటుంది. నేను ఒక డబ్బా మూతకి టేపు కట్టి ఐదు గళ్లు చేసి, మొదటి గడిలో ఒక కోటు, రెండో దానిలో రెండు, అలా ఐదు కోట్ల వరకు వేసి పెట్టుకున్నా. ఏ కొత్త మోడల్ మొదలెట్టినా ఆ మూతని కిటికీ వెనక పట్టుకుని చూసి, ఎన్ని కోట్లు కావాలో అప్పుడు తేల్చుకుంటా.

అద్దాలు ఎంత నల్లగా వేయాలి? ఫోటోల్లో నిజం కార్ల అద్దాలు నల్లగానే కనిపిస్తున్నాయి.

ఎక్కువ మంది పాడు చేసుకునేది ఇక్కడే, అందుకని కాస్త విడమరిచి చెప్తా. మిట్టమధ్యాహ్నం విజయనగరం గంటస్తంభం దగ్గర నిలబడి పార్క్ చేసిన కార్లని చూడండి. అద్దాలు నల్లగా ఉంటాయి. దగ్గరికెళ్లి, అరచేతులు అడ్డం పెట్టుకుని లోపలికి చూస్తే సీట్లు శుభ్రంగా కనిపిస్తాయి. అంటే అద్దం నల్లగా లేదు, బయట ఎండ ఎక్కువ, లోపల చీకటి, అంతే. మనం ఆ నలుపంతా అద్దానికి పూసేసి, లోపల మాత్రం లేత బూడిద రంగు ప్లాస్టిక్ అలాగే వదిలేస్తాం. అప్పుడు బండి బొమ్మలా కనిపిస్తుంది.

ఇంకొకటి, కోట్లు కూడికలా కాదు, హెచ్చవేతలా పనిచేస్తాయి. ఒక కోటు 80 శాతం వెలుతురుని వదిలితే రెండోది పడ్డాక 64, మూడోదానికి 51, నాలుగోదానికి 41. పైగా మోడల్‌ని పక్కనుంచి చూసినప్పుడు మన చూపు రెండు అద్దాల్లోంచి పోతుంది, అటుదీ ఇటుదీ. ఒక్కొక్కటి 50 శాతం వదిలేదైతే అవతలి గోడ మనకి 25 శాతమే కనబడుతుంది. అందుకే చేతిలో పట్టుకుంటే 'ఇంకా చాలదేమో' అనిపించే దగ్గర ఆగిపోవాలి. సీట్లకీ డాష్‌బోర్డుకీ ముదురు రంగు వేసి, అద్దానికి ఒకటి రెండు కోట్లు చాలించండి. బండికి బిగించాక చూస్తే మీకే తెలుస్తుంది.

స్కార్పియో మోడల్‌కి ఫుల్ బ్లాక్ ఫిల్మ్ లుక్ కావాలి అన్నా. తప్పేటి?

తప్పేం లేదు, మీ బండి మీ ఇష్టం. కాకపోతే మీరు చూపించే కాలం ఏదో తేల్చుకోండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో ముందు, వెనక అద్దాలు 70 శాతం, పక్క అద్దాలు 50 శాతం వెలుతురుని వదలాలని ఉంది. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అద్దాలకి ఫిల్మ్ అంటించడాన్నే ఆపేసింది. ఆ తర్వాత రోడ్ల మీద పోలీసులు ఫిల్మ్ పీకించిన సీన్లు మనందరం చూసినవే. కాబట్టి 2008 నాటి నాయకుడి బండి కడుతుంటే బొగ్గులా వేసుకోండి, మూల్లో ఫిల్మ్ కొంచెం బుడగలు కట్టినట్టు చూపిస్తే ఇంకా బాగుంటుంది. 2015 నాటి టాక్సీకి మాత్రం లేత ఆకుపచ్చ ఛాయ చాలు.

## పార్ట్ సిద్ధం చేసేటప్పుడు

స్ప్రూ (పార్ట్స్ అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి కత్తిరించగానే అంచు దగ్గర తెల్లగా పగిలింది. ఎలా కత్తిరించాలి?

క్లియర్ ప్లాస్టిక్ పెళుసు. బాడీ పార్ట్స్ కత్తిరించినట్టు నిప్పర్‌తో (చిన్న కటింగ్ ప్లయర్‌తో) దగ్గరగా నొక్కితే ఆ ఒత్తిడి లోపలికి పాకి తెల్లటి చార పడుతుంది, అది పోదు. సన్న పళ్ల రంపంతో దూరంగా కోసి, మిగిలిన మొలకని ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీయండి. నిప్పర్ ఒక్కటే ఉంటే కనీసం మూడు నాలుగు మిల్లీమీటర్లు వదిలి కత్తిరించండి.

గీతలు పడ్డాయి. టింట్ వేస్తే కప్పడిపోతాయా?

కప్పడవు సరికదా, రంగు గీతలోకి దిగి ఇంకా ముదురుగా కనిపిస్తుంది. ముందే తీసేయాలి. 2000 నంబరు నీటి కాగితంతో తడిపి రుద్దండి, తర్వాత 3000, తర్వాత పాలిషింగ్ కాంపౌండ్. కాంపౌండ్ లేకపోతే తెల్ల టూత్‌పేస్టుని పాత కాటన్ పంచె ముక్క మీద పెట్టి రుద్దినా మెరుపొస్తుంది, జెల్ పేస్టు వద్దు. రుద్దేటప్పుడు వేలు ఒకేచోట ఉంచకండి, వేడికి ప్లాస్టిక్ మెత్తబడి మసకబారుతుంది.

ఎంత తుడిచినా దుమ్ము వచ్చి అంటుకుంటోంది, ఎందుకని?

మీరు పొడిగుడ్డతో తుడుస్తున్నారు కాబట్టి. రుద్దినకొద్దీ ప్లాస్టిక్‌కి స్టాటిక్ పుట్టి గదిలో ఉన్న నూగంతా లాక్కుంటుంది. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన గోరువెచ్చటి నీళ్లలో కడిగి, మంచి నీళ్లతో తొలిచి, గుడ్డతో తుడవకుండా టిష్యూ మీద బోర్లించి పైన స్టీలు గిన్నె మూత పెట్టండి. ఆరాక వేళ్లతో ముట్టుకోవద్దు. కాలిపోయిన అగరబత్తి పుల్లలు పారేయకుండా దాస్తాను నేను, వాటి చివర రవ్వంత జిగురు టేపు చుట్టి పార్ట్‌కి అంటిస్తే మంచి పిడి అవుతుంది. ఇంట్లోవాళ్లు మాత్రం పూజ సామాను ఎందుకు పోగేస్తున్నావని అడుగుతారు, సిద్ధంగా ఉండండి.

విదేశీ వీడియోల్లో ఫ్లోర్ పాలిష్‌లో ముంచుతున్నారు. అది ఏంటి, మనకి దొరుకుతుందా?

అది ఫ్యూచర్ అనే పేరుతో అమెరికాలో అమ్మిన అక్రిలిక్ ఫ్లోర్ పాలిష్. నీళ్లలా పలచగా ఉండి, ఆరాక గాజులా మెరుస్తుంది, సన్న గీతల్ని నింపేస్తుంది. అందుకే అందులో ముంచేవాళ్లు, కొందరు దానిలోనే ఫుడ్ కలర్ కలిపి టింట్ చేసేవాళ్లు. తర్వాత దాని పేరు రెండు మూడుసార్లు మారింది, ఇక్కడ వెతికి వెతికి అలసిపోవడం తప్ప లాభం లేదు. ఏ రంగూ లేని టమియా ఎక్స్-22 క్లియర్‌ని దాని థిన్నర్ ఎక్స్-20ఎతో బాగా పలచన చేసి స్ప్రే చేస్తే దాదాపు అదే పని అవుతుంది.

## రంగు కలపడం, వేయడం

లోపలి వైపు వేయాలా, బయటి వైపు వేయాలా?

కిటికీ అద్దాలకి లోపలి వైపు. బయట ప్లాస్టిక్ సొంత మెరుపు అలాగే ఉంటుంది, చేతులు తగిలినా రంగు అరగదు, కోటింగ్‌లో చిన్న లోపం ఉన్నా అంతగా తెలీదు. టెయిల్ లైట్లకి కూడా వీలైతే లోపలే, లెన్స్ మందం వల్ల రంగుకి లోతు వస్తుంది. లోపల బ్రష్ దూరనంత చిన్న లైటైతే బయటే వేయండి, ఆ సైజులో ఎవరూ కనిపెట్టలేరు.

ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చల్లే పరికరం) లేదు. బ్రష్‌తో విండ్‌షీల్డ్‌కి టింట్ వేయలేమా?

వేయొచ్చు, ఓపిక కావాలి. మెత్తటి వెడల్పు బ్రష్ తీసుకోండి, రంగుని థిన్నర్‌తో సగానికి సగం పలచన చేయండి, ఒక అంచు నుంచి రెండో అంచుకి ఒకే లాగుడు. వెనక్కి వెళ్లి సర్దకూడదు, అది ఒక్కటే నియమం. సగం ఆరిన రంగు మీద బ్రష్ తగిలితే దున్నినట్టవుతుంది. ముంచే పద్ధతి ఇంకా తేలిక: చిన్న గిన్నెలో పలచన చేసిన స్మోక్ పోసి, పార్ట్‌ని నెమ్మదిగా ముంచి నెమ్మదిగా తీసి, ఏటవాలుగా నిలబెట్టి, కింది అంచున చేరిన బొట్టుని టిష్యూ కొసతో పీల్చేయండి. ఆ బొట్టుని మర్చిపోతే కింద నల్ల గీత కట్టి, కారు కాటుక పెట్టుకున్నట్టు ఉంటుంది. రెండు వైపులా రంగు పడుతుంది కాబట్టి ముంచే రంగు సగం పలచగా ఉండాలి.

ఎయిర్‌బ్రష్‌కి ఎంత పలచన, ఎంత ప్రెషర్?

నేను వాడేది ఒక పాలు రంగుకి ఒకటి నుంచి రెండు పాళ్లు ఎక్స్-20ఎ, 12 నుంచి 15 పీఎస్‌ఐ. మొదటి రెండు విసుర్లు మంచు పట్టినట్టు పడాలి, అప్పుడు రంగు కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. ఐదు నిమిషాలాగి, తడి మెరుపు వచ్చేంత కోటు ఒకటి. అక్కడితో చేతిలోంచి కింద పెట్టేయండి. స్మోక్ తడిగా ఉన్నప్పుడు చూసి 'ఇంకొక్కటి' అనుకుని వేసినవాళ్లెవరూ మర్నాడు సంతోషపడలేదు, నాతో సహా.

స్మోక్ వేస్తే నలుపు రాలేదు, టీ డికాక్షన్ రంగు వచ్చింది. డబ్బా పాతదా?

డబ్బా మంచిదే. స్మోక్ పలచగా పడితే గోధుమ ఛాయ కనిపిస్తుంది, అది దాని స్వభావం. ఇరవై చుక్కల స్మోక్‌కి ఒక చుక్క క్లియర్ బ్లూ కలిపితే ఆ గోధుమ విరిగి బూడిద రంగులోకి వస్తుంది. కొత్త కార్ల అద్దాలకి ఫ్యాక్టరీలోనే లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, మామూలు గాజులో ఉండే ఇనుము వల్ల కూడా అంచు వైపు నుంచి చూస్తే పచ్చగానే కనిపిస్తుంది. దానికి ఉట్టి ఎక్స్-22 క్లియర్‌లో క్లియర్ గ్రీన్ ఒకటి రెండు చుక్కలు, స్మోక్ అర చుక్క. అర చుక్క ఎలా అంటారా, టూత్‌పిక్ కొసతో.

విండ్‌షీల్డ్ పైన ఉండే నీలం పట్టీ, కింది అంచు మెల్లగా కరిగిపోయినట్టు ఎలా వస్తుంది?

టేపు అంటించి వేస్తే గీత గీసినట్టు పదునుగా వస్తుంది, అది స్టిక్కర్ అంటించిన బండికైతే సరే. కరిగినట్టు కావాలంటే విజిటింగ్ కార్డు ముక్కని పార్ట్‌కి ఆనించకుండా రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తున పట్టుకుని, దాని అంచు మీదుగా పైవైపు నుంచి స్ప్రే చేయండి. కార్డు ఎంత ఎత్తులో ఉంటే అంచు అంత మెత్తగా ఉంటుంది.

పెయింట్ ఏటి పాలు పోసినట్టు తెల్లబడిపోయింది సార్? నిన్న వాన పడుతున్నప్పుడు వేశాను.

మీ ప్రశ్నలోనే సమాధానం ఉంది. సాల్వెంట్ గబగబా ఆవిరయ్యేటప్పుడు పార్ట్ పైభాగం చల్లబడుతుంది, మన సముద్రపు గాలిలో ఉన్న తేమ దాని మీద కూర్చుని రంగులో ఇరుక్కుపోతుంది. లాకర్ రకాలకీ (ఘాటైన థిన్నర్‌తో కలిపే రంగులు) స్ప్రే డబ్బాలకీ ఇది ఎక్కువ. అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజుల్లో నేనైతే లాకర్ డబ్బా మూతే తీయను. తప్పనిసరైతే రిటార్డర్ రెండు మూడు చుక్కలు కలిపి ఆరడం నెమ్మది చేయండి, వేసిన వెంటనే సిలికా జెల్ పొట్లాలు పెట్టిన టిఫిన్ డబ్బాలో పెట్టి మూత వేయండి. ఇప్పటికే తెల్లబడిన దాని మీద, ఎండ కాసిన రోజున, రిటార్డర్ ఉన్న పలచటి క్లియర్ కోటు ఒకటి విసిరితే చాలాసార్లు మళ్లీ తేటపడుతుంది.

వానాకాలం సాయంత్రాలకి ఇంకో తంటా ఉంది. దీపం పురుగులు. ఒకసారి జీపు విండ్‌షీల్డ్ మీద సరిగ్గా డ్రైవరు ముఖం దగ్గర ఒకటి వచ్చి అంటుకుంది, రెక్కలతో సహా. దాన్ని అలాగే ఉంచేశాను, చూసినవాళ్లంతా అదే బాగుందన్నారు. కానీ ప్రతిసారీ కలిసి రాదు కదా, వాన రోజుల్లో పగలే వేయండి.

## లైట్లు

టెయిల్ లైట్‌కి క్లియర్ రెడ్ వేస్తే గులాబీ శరబత్‌లా వచ్చింది.

ముందు క్లియర్ ఆరెంజ్ ఒక పలచటి కోటు వేసి, ఆరాక దాని మీద రెడ్ వేయండి. ఉట్టి రెడ్ పలచగా ఉంటే గులాబీ వైపు, చిక్కగా ఉంటే నల్లద్రాక్ష వైపు పోతుంది. కింద ఆరెంజ్ ఉంటే నిజం బండి ఎరుపు వస్తుంది.

ఒకే లెన్స్‌లో ఎరుపు, ఆరెంజ్, తెలుపు మూడూ ఉన్నాయి. ఏది ముందు?

తెల్లది రివర్స్ లైటు, దానికి ముందే టేపు అంటించి మూసేయండి. మిగతా మొత్తానికి ఆరెంజ్ వేయండి. ఒక రోజు ఆరనిచ్చి ఇండికేటర్ గడిని మూసి, మిగిలిన దానికి రెడ్. ఆరెంజ్ మీద రెడ్ పడితే రెడ్డే అవుతుంది, రెడ్ పడిన చోట మళ్లీ ఆరెంజ్ వేసినా ఆరెంజ్ రాదు. టేపుని అంచు దగ్గర టూత్‌పిక్‌తో గట్టిగా నొక్కాలి, లేకపోతే రంగు కిందికి పాకుతుంది. అమెరికన్ కారు కడుతుంటే బాక్స్ మీద బొమ్మ చూసుకోండి, అక్కడ చాలా కార్లకి వెనక ఇండికేటర్లు కూడా ఎరుపే, మన అలవాటు కొద్దీ ఆరెంజ్ వేసేస్తాం.

రంగు బాగానే పడింది కానీ లైటు బాడీకి అతికించాక చచ్చిపోయినట్టు నల్లగా ఉంది.

వెనక వెండి లేదు. వెలుతురు లోపలికి పోతోంది, తిరిగి వచ్చే దారి లేదు. లైటు కూర్చునే గుంటకి క్రోమ్ సిల్వర్ వేయండి, లేదా వంటింట్లో అల్యూమినియం ఫాయిల్‌ని మెరిసే వైపు బయటికి ఉండేలా అగ్గిపుల్ల వెనక కొసతో ఆ గుంటలోకి ఒత్తండి. లారీ టెయిల్ లైట్ల గుండ్రటి గుంటలకి ఫాయిలే బాగుంటుంది, కొంచెం ముడతలు పడి రిఫ్లెక్టర్ గళ్లలా మెరుస్తాయి.

హెడ్‌లైట్లకి కూడా టింట్ ఉంటుందా?

మామూలుగా ఉండదు, తెల్లగా వదిలేయండి. పాత ఫ్రెంచి కార్లకి మాత్రం పసుపు తప్పనిసరి. ఫ్రాన్స్‌లో 1930ల చివరి నుంచి 1993 దాకా హెడ్‌లైట్లు పసుపు వెలుతురే ఇవ్వాలని చట్టం ఉండేది. అలాంటి కారుకి క్లియర్ యెల్లో లోపలి వైపు ఒక కోటు వేస్తే చాలు, బండికి దేశం వచ్చేస్తుంది. పాత లారీలకీ రాలీ కార్లకీ ఫాగ్ ల్యాంపులు పసుపు వేసినా ముద్దొస్తాయి.

లోపల ఎల్‌ఈడీ పెడుతున్నా. తెల్ల ఎల్‌ఈడీ పెట్టి ఎర్ర లెన్స్ వాడితే సరిపోతుందా?

వెలుగుతుంది, కానీ నీరసంగా. ఎర్ర లెన్స్ తెల్ల వెలుతురులో ఎరుపు తప్ప మిగతాదంతా మింగేస్తుంది. ఎర్ర లెన్స్ వెనక ఎర్ర ఎల్‌ఈడీ, ఆరెంజ్ వెనక ఆరెంజ్ పెట్టండి, ప్రకాశం తగ్గదు. హెడ్‌లైట్‌కి తెల్ల ఎల్‌ఈడీ ఆసుపత్రి ట్యూబ్‌లైటులా నీలంగా కొడితే, ఎల్‌ఈడీ నెత్తిన క్లియర్ ఆరెంజ్ సన్నగా పూయండి, పాత బల్బు వెచ్చదనం వస్తుంది. బాడీ లోపల ముందు నలుపు, దాని మీద వెండి వేయడం మర్చిపోవద్దు, లేదంటే బానెట్ మొత్తం చైనా లాంతరులా వెలుగుతుంది.

## అతికించడం, పాడైనప్పుడు

సూపర్ గ్లూతో అద్దం అతికించా. తెల్లారేసరికి అద్దమంతా పొగ కమ్మింది.

సైనోయాక్రిలేట్ గ్లూ ఆరేటప్పుడు వచ్చే ఆవిరి చుట్టుపక్కల తెల్ల పొరలా గడ్డకడుతుంది, మూసి ఉన్న క్యాబిన్ లోపలైతే మరీను. మా మేనల్లుడి పుట్టినరోజుకి ఇద్దామని కట్టిన అంబాసిడర్‌కి రాత్రి పన్నెండింటికి ఇదే చేసి, మర్నాడు పొద్దున పొగమంచులో బయల్దేరిన కారు అని చెప్పి ఇచ్చాను. వాడు నమ్మాడు, వాళ్ల నాన్న నమ్మలేదు. అద్దాలకి ఫెవికాల్ లాంటి తెల్ల పీవీఏ జిగురు వాడండి. ఆరాక తేటగా ఉంటుంది, ఎక్కువైతే తడి దూదితో తుడిచేయొచ్చు, రంగుని తినదు. పొగ ఇప్పటికే కమ్మితే, టింట్ లేని వైపైతే పాలిషింగ్ కాంపౌండ్‌తో రుద్ది తీయొచ్చు. టింట్ ఉన్న వైపైతే రంగు కూడా పోతుంది, మళ్లీ మొదటి నుంచే.

హార్డ్‌వేర్ షాపు థిన్నర్‌తో కలిపి వేశాను, అద్దం సాలెగూడులా పగిలింది. బాగుచేయొచ్చా?

లేదు, కొత్త అద్దం చేసుకోవడమే. ఫర్నిచర్‌కి వాడే ఎన్‌సీ థిన్నర్‌లో ఉండే సాల్వెంట్లు పాలీస్టైరిన్‌ని కరిగిస్తాయి. బాడీ పార్ట్ కొంచెం కరిగినా రంగు పూత కింద కనబడదు, పారదర్శక పార్ట్‌లో ప్రతి చీలికా కనిపిస్తుంది. పెట్రోలు కూడా అంతే. నేను నేర్చుకున్నది ఒక జపాన్ కిట్ విండ్‌షీల్డ్ పోగొట్టుకునే. అప్పుడు ఇంకో పార్ట్ తెప్పించడానికి పట్టిన రెండు నెలలూ బండి ముందు అద్దం లేకుండా అల్మరాలో కూర్చుంది.

టింట్ నచ్చలేదు, తీసేయాలి. ఎలా?

టమియా అక్రిలిక్ అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని దూది పుల్లకి అద్ది మెల్లగా తుడవండి, వచ్చేస్తుంది. పార్ట్‌ని గంటలకొద్దీ నానబెట్టకండి, ఒత్తిడి పడిన మూలల్లో సన్న చీలికలు రావొచ్చు. లాకర్ టింట్ అయితే దాన్ని కరిగించేది ప్లాస్టిక్‌నీ కరిగిస్తుంది, కాబట్టి నీటి కాగితంతో అరగదీసి పాలిష్ చేయడమే గతి.

రెండు రోజులైనా వేలిముద్ర పడుతోంది.

క్లియర్ రంగులు మామూలు రంగుల కంటే నెమ్మదిగా ఆరతాయి, మందంగా వేస్తే మరీ. వానాకాలంలో వారం కూడా పట్టొచ్చు. మూత పెట్టి, కళ్లకి కనబడని చోట పెట్టి, ఇంకో పని చూసుకోండి.

సొంతంగా పల్లెవెలుగు బస్సు కడుతున్నా. ఇరవై కిటికీలకి అద్దాలు దేంతో చేయాలి?

జెరాక్స్ షాపులో ఓహెచ్‌పీ షీట్లు (పారదర్శక ప్లాస్టిక్ షీట్లు) అడగండి, లేజర్ ప్రింటర్ రకం. ఇంక్‌జెట్ రకానికి ఒక వైపు మసక పూత ఉంటుంది, అది వద్దు. కిటికీల చుట్టూ నల్ల రబ్బరు అంచుల్ని కంప్యూటర్లో కొలతకి గీసి షీటు మీద ప్రింట్ తీయించుకోండి. ఇరవై కిటికీలు అరగంటలో, చెయ్యి వణక్కుండా వచ్చేస్తాయి. టింట్ కూడా ప్రింటులోనే బూడిద రంగు ఇస్తే పోలేదా అని అడుగుతారు. లేజర్ ప్రింటర్ బూడిద రంగుని చుక్కలుగా వేస్తుంది, దగ్గర నుంచి చూస్తే దోమతెరలా ఉంటుంది. టింట్ స్ప్రే చేయడమే మేలు. ఈ షీటుకి రంగు అంత గట్టిగా పట్టదు, గోరు తగిలితే ఊడుతుంది, కాబట్టి లోపలి వైపే వేయండి. నిజం బస్సులో అద్దాలు సగం తెరిచే ఉంటాయి, కాబట్టి ఇరవైకి పది చేసినా అడిగేవాడు లేడు.

ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) కారు బాడీకి కూడా ఇవే రంగులా?

కాదు. ఆ బాడీ పాలీకార్బొనేట్, వంగుతుంది, మామూలు రంగు పెచ్చులుగా ఊడిపోతుంది. దానికి టమియా పీఎస్ అనే స్ప్రే డబ్బాల వరసలో పీఎస్-31 స్మోక్ ఉంది, లోపలి వైపు వేయాలి. ఆ పీఎస్ డబ్బాని మాత్రం మామూలు కిట్ ప్లాస్టిక్ మీద వాడకండి, దాన్ని తినేస్తుంది.

షోకేసులో పెట్టిన బండి టెయిల్ లైట్లు ఏడాదికి పాలిపోయాయి. ఎందుకు?

ఎండ. మార్కర్ పెన్ను ఇంకు, ఫుడ్ కలర్ లాంటి అద్దకపు రంగులు అందరికంటే ముందు పోతాయి, కిట్ క్లియర్ రంగులు ఎక్కువ కాలం నిలబడతాయి కానీ అవీ అమరం కావు. పారదర్శక పాలీస్టైరిన్ కూడా ఎండకి పసుపు తిరుగుతుంది. అరసవిల్లి సూర్యనారాయణమూర్తి పాదాల దగ్గరికి పొద్దుటి కిరణాలు రావాలని ఏడాదంతా ఎదురు చూసే జిల్లా మాది, కానీ నా అల్మరా మీద పడే కిరణాలకి మాత్రం అడ్డంగా పాత లుంగీ కట్టాను. మొన్న దాన్ని తీసేసి అల్మరానే ఉత్తరం గోడకి మార్చాను, పాలిపోయిన లైట్ల మీద ఆరెంజ్ ఒక కోటు, రెడ్ ఒక కోటు మళ్లీ వేశాను.